వాటాదారుడు – శివారు చేను

కె.గంగవరము వంటి డెల్టా గ్రామములలో, కాలువ శివారు చేనికి ఎగువ పొలములు తడిసిన పిమ్మటనే నీరందును. కంపెనీలో చిన్న వాటాదారుని స్థితియు నిట్టిదే.

హైదరాబాదు సంస్థయగు ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2006లో ప్రజలకు వాటాలమ్మినది. బొగ్గు, గ్యాసు, సూర్యరశ్మి విద్యుత్తులలో అడుగిడిన ఆ సంస్థ అప్పులు తీర్చలేకపోగా, 2018 ఆగస్టులో కంపెనీ న్యాయమండలి దాని మూసివేతకు ఆజ్ఞాపించినది.

2016 దివాలా చట్టము ప్రకారము, ఆస్తులమ్మిన సొమ్ము తొలుత మూసివేత ఖర్చులకు, పిదప కార్మికులకు, తాకట్టుగల బ్యాంకులకు, ఆపైన ఇతర ఋణదాతలకు, ప్రభుత్వమునకు చెందును. సామాన్య వాటాదారుడు చిట్టచివరివాడు; అచ్చటికి మిగులునది తరచు శూన్యమే.

అతని ఆక్రోశము సహజము. కాని లాభమున మిగులు తనదైనట్లే, నష్టమున తొలి దెబ్బయు తనదే. ఎండ ఉచితమే, దానిని పట్టు యంత్రములు అప్పుతో వచ్చును. కావున, శ్రోతలారా, వాటా కొనుటకు ముందు కంపెనీ ఆశయముతోబాటు అప్పును గూడ చూడుడు.