టర్బోనా, సూపర్‌చార్జరా? పేరు కాదు, పక్కనున్న ఆర్పీఎం చూడండి

పోయిన నెల ఓ రాత్రి పన్నెండింటికి మా రూమ్‌మేట్ ఒక లింక్ పంపాడు. తన హ్యాచ్‌బ్యాక్‌కి బయట సూపర్‌చార్జర్ కిట్ పెట్టించుకుంటాడట. "టర్బోకి లాగ్ ఉంటుంది మామా, సూపర్‌చార్జర్ అయితే తొక్కగానే లాగుతుంది" అన్నాడు. రెండేళ్లు దాచుకున్న డబ్బు అది. తెల్లారితే అడ్వాన్స్ కట్టేస్తాడు. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. టర్బో కారు కొందామా వద్దా అని చూస్తున్నవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

రెండూ చేసే పని ఒకటే

ఒక కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోల్ ఎక్కువ పంపడం ఇంజెక్టర్‌కి పెద్ద పనేం కాదు, గాలి ఎక్కించడమే కష్టం. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి వస్తే అంతతోనే సర్దుకోవాలి. టర్బో అయినా, సూపర్‌చార్జర్ అయినా ఆ గాలిని ముందే నొక్కి లోపలికి తోస్తాయి. గాలి ఎక్కువ, దానికి తగ్గ పెట్రోల్ ఎక్కువ, పవర్ ఎక్కువ. అంతే.

మరి తేడా ఎక్కడ? ఆ గాలి నొక్కే కంప్రెసర్‌ని ఎవరు తిప్పుతున్నారు అన్న దగ్గర.

సూపర్‌చార్జర్: ఇంజిన్ దగ్గరే అప్పు

సూపర్‌చార్జర్‌ని ఇంజిన్ క్రాంక్‌షాఫ్టే తిప్పుతుంది, ఎక్కువగా బెల్ట్ ద్వారా. ఇంజిన్ తిరిగితే అదీ తిరుగుతుంది కాబట్టి ఎదురుచూడాల్సిన పనిలేదు. మెర్సిడెస్ 1921లోనే ఇలాంటి కార్లు చూపించింది. మన రోడ్ల మీద కూడా ఒకప్పుడు వెనక 'కంప్రెసర్' అని రాసి ఉన్న బెంజ్‌లు తిరిగేవి, అది సూపర్‌చార్జర్ గుర్తే.

కానీ ఊరికే ఏదీ రాదు. అమెరికా కారు డాడ్జ్ హెల్‌క్యాట్‌లో 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ 707 హార్స్‌పవర్ ఇస్తుంది. ఫుల్‌గా తొక్కినప్పుడు దాని సూపర్‌చార్జర్ ఒక్కటే దాదాపు 80 హార్స్‌పవర్ తినేస్తుంది. మన 1.2 లీటర్ హ్యాచ్‌బ్యాక్ ఇంజిన్ మొత్తం ఇచ్చేదే ఇంచుమించు అంత! పెద్ద ఇంజిన్ ఆ అప్పు భరిస్తుంది. చిన్న ఇంజిన్‌కి భారమే.

టర్బో: పారబోసే పొగతో పని

పెట్రోల్‌లో ఉన్న శక్తిలో ఇంచుమించు మూడో వంతు సైలెన్సర్ వైపు వేడిగా వెళ్లిపోతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూహీ 1905లో పేటెంట్ తీసుకున్న ఐడియా ఇక్కడిదే: బయటికి పోయే ఆ పొగతోనే ఒక టర్బైన్ తిప్పి, దానికి కంప్రెసర్ బిగిద్దాం అని. చిన్న కార్లలో ఈ టర్బైన్ నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరుగుతుంది.

చిక్కేమిటంటే, పొగ తగినంత రావాలంటే ముందు ఇంజిన్ కాస్త స్పీడ్ అందుకోవాలి. మీరు తొక్కడానికీ, కారు లాగడానికీ మధ్య వచ్చే ఆ గ్యాపే టర్బో లాగ్. యాప్ కోల్డ్ స్టార్ట్ అనుకోండి. ఒకసారి లోడ్ అయ్యాక మళ్లీ ఆగదు.

అయినా కంపెనీలు టర్బోనే ఎందుకు ఎంచుకున్నాయి? మెల్లగా నడిపితే అది చిన్న ఇంజిన్‌లాగే తక్కువ తాగుతుంది, తొక్కితే పెద్ద ఇంజిన్‌లా లాగుతుంది. మన దేశంలో ఇంకో కారణం ట్యాక్స్. పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటకపోతే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం. దాటితే 40 శాతం. అందుకే షోరూమ్‌ల్లో ఎక్కడ చూసినా 1.0, 1.2 లీటర్ టర్బోలే.

ఒకే 998 సీసీ, రెండు దారులు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మారుతి ఫ్రాంక్స్‌లో టర్బో ఇంజిన్ 998 సీసీ. కవాసాకీ నింజా హెచ్2 బైక్‌లో సూపర్‌చార్జర్ ఇంజిన్ కూడా 998 సీసీనే. ఫ్రాంక్స్ టార్క్ 147.6 న్యూటన్ మీటర్లు, 2019 మోడల్ హెచ్2 టార్క్ 141.7. దాదాపు సమానం కదా!

కానీ పక్కనున్న ఆర్పీఎం చూడండి. ఫ్రాంక్స్ ఆ టార్క్‌ని 2,000 నుంచి 4,500 మధ్య ఇస్తుంది. హెచ్2 ఇచ్చేది 11,000 దగ్గర. టార్క్‌ని ఆర్పీఎంతో కలిపితేనే పవర్ కాబట్టి ఫ్రాంక్స్ 100 పీఎస్ దగ్గర ఆగితే, హెచ్2 231 పీఎస్‌కి వెళ్తుంది. ఇందులో బైక్ ఇంజిన్ తయారీ పాత్ర కూడా ఉందనుకోండి. అయినా ఒకటి మాత్రం అర్థమవుతుంది: 'సూపర్‌చార్జర్ అంటే కింది నుంచే లాగుతుంది' అన్నది అన్నిటికీ వర్తించదు. రూట్స్, ట్విన్ స్క్రూ రకాలు కింది నుంచే గాలి తోస్తాయి. హెచ్2లో ఉన్న సెంట్రిఫ్యూగల్ రకం ఆర్పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ పెంచుతుంది. మా వాడు పంపిన లింక్ తెరిచి చూస్తే అదీ సెంట్రిఫ్యూగలే! సిటీ ట్రాఫిక్‌లో 2,000 దగ్గర పికప్ కోసం, 5,000 పైన పనిచేసేది కొంటున్నాడన్నమాట.

బయట కిట్ పెట్టిస్తే?

మామూలు ఇంజిన్‌లో కంప్రెషన్ రేషియో ఎక్కువ, చాలావాటిలో 11 లేదా 12 దాకా ఉంటుంది. దాని మీద బూస్ట్ కూడా తోస్తే పెట్రోల్ టైమ్‌కి ముందే అంటుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. పిస్టన్లు పోతాయి. కూలింగ్ పెంచకుండా ఫోన్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసినట్టే, కాకపోతే ఇక్కడ రీస్టార్ట్ బటన్ ఉండదు. ఇంటర్‌కూలర్, ఇంజెక్టర్లు, ఈసీయూ ట్యూనింగ్, క్లచ్ అన్నీ మార్చుకుంటూ పోతే కిట్ ధర మొదటి మెట్టు మాత్రమే.

చట్టం సంగతీ ఉంది. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. వారంటీ పోతుంది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ చిక్కే.

టర్బో కారు కొనేవాళ్లకి

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, మూడో గేర్‌లో 1,500 ఆర్పీఎం దగ్గర తొక్కి చూడండి. ఎంతసేపటికి లాగుతుందో అదే మీ రోజువారీ అనుభవం. ఒక ఫ్రెండ్ టర్బో కారులో అరకు వెళ్లినప్పుడు అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఇది బాగా తెలిసింది. 1,300 దగ్గర మలుపు తిప్పితే కారు చచ్చినట్టుండి, తర్వాత ఒక్కసారిగా దూకేది. మలుపుకి ముందే గేర్ తగ్గించి 2,000 దగ్గర ఉంచితే ఏ ఇబ్బందీ లేదు.

ఆయిల్ విషయంలో పిసినారితనం వద్దు. టర్బో బేరింగ్‌లు బతికేది ఆయిల్ మీదే. కంపెనీ చెప్పిన గ్రేడ్ టైమ్‌కి మార్చండి. హైవే మీద గట్టిగా నడిపి ఆగితే, వెంటనే ఆఫ్ చేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి.

నా లెక్కలో అయితే మన రోడ్లకి, మన బడ్జెట్‌కి కంపెనీ ఫిట్ చేసిన టర్బోనే కరెక్ట్. సూపర్‌చార్జర్ పెద్ద ఇంజిన్, పెద్ద జేబు ఉన్నవాళ్ల సరదా. రోజూ సిటీలో 40 దాటని వాళ్లకి మామూలు 1.2 ఇంజిన్ కూడా చాలు, ఆ తేడా డబ్బు మిగుల్చుకోండి.

మా వాడు అడ్వాన్స్ కట్టలేదు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. మూడో రోజు ఇంకో లింక్ పంపాడు, ఈసారి ఒక టర్బో కారు బ్రోచర్. టార్క్ పక్కనున్న ఆర్పీఎం చుట్టూ ఎర్ర గీత గీసి, "ఇది ఓకేనా మామా?" అని అడిగాడు.