కొమ్ముచెంబులో ఉప్పునీళ్ళు

15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక చెప్పిన షట్కర్మల్లో, అంటే ఆరు శుద్ధి క్రియల్లో, నేతి ఒకటి. అయితే అందులో నీళ్ళ ప్రస్తావన లేదు. జానెడు పొడవున్న నున్నటి దారాన్ని ముక్కులోకి దూర్చి నోట్లోంచి బయటికి తీయమంటుందా గ్రంథం. తర్వాతి కాలపు ఘేరండ సంహిత కపాలభాతిలో భాగంగా, ముక్కుతో నీళ్ళు పీల్చి నోటితో వదిలే పద్ధతిని వివరించింది. ఇప్పుడు యోగా కేంద్రాల్లో కనబడే కొమ్ముచెంబు, మందుల షాపులో దొరికే ప్లాస్టిక్ సీసా ఈ సాధనకు వారసులే. వాటికి ఇంకో పుట్టిల్లు కూడా ఉంది. అది లండన్.

జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన వైద్యుడు థుడికుమ్ 1864లో ముక్కు కడిగే పరికరాన్ని పరిచయం చేశాడు. మెదడు రసాయన శాస్త్రానికి ఆద్యుడిగా తర్వాత పేరు పొందినవాడు ఈయనే. పరికరంలో పెద్ద విశేషం ఏమీ లేదు. ఎత్తున ఒక నీళ్ళ పాత్ర, దానికో రబ్బరు గొట్టం, చివర ముక్కుపుటంలో ఇమిడే మొన. దాని వెనకున్న సూత్రం మాత్రం లైప్‌జిగ్ శాస్త్రవేత్త వెబర్ గమనించినది. నోటితో ఊపిరి తీస్తున్నప్పుడు అంగిలి వెనకభాగం పైకి లేచి ముక్కుకూ గొంతుకూ మధ్య దారి మూసేస్తుంది. అప్పుడు ఒక ముక్కులో పోసిన నీళ్ళు గొంతులోకి దిగకుండా వెనక మలుపు తిరిగి రెండో ముక్కులోంచి కారిపోతాయి.

ఆ నీళ్ళు లోపల చేసే పని చూడదగ్గది. ముక్కు లోపలి పొర మీద కంటికి కనబడనంత సన్నని నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్టు అది సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ, దుమ్మునీ క్రిములనీ పట్టుకున్న చీమిడిని గొంతువైపు నెడుతుంది. జలుబో అలర్జీయో వచ్చి చీమిడి చిక్కబడితే ఆ నెట్టుడు మందగిస్తుంది. ఉప్పునీళ్ళు ఆ బంకను పలచన చేసి, పుప్పొడినీ వాపు పుట్టించే పదార్థాలనీ కడిగేస్తాయి. ఉప్పు లేని నీళ్ళు పోస్తే కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ముక్కు భగ్గున మండుతుంది. అందుకే ఒంట్లోని ద్రవాలకు సరితూగేలా లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు వేయాలన్న లెక్క స్థిరపడింది.

థుడికుమ్ పరికరానికి మొదటి దెబ్బ చెవివైపు నుంచి తగిలింది. దాన్ని వాడినవారికి మధ్యచెవి వాచిన ఉదంతాలను న్యూయార్క్ వైద్యుడు రూసా బయటపెట్టాడు. నీళ్ళు ఒత్తిడితో వచ్చినా, మధ్యలో గుటక వేసినా ముక్కు వెనక నుంచి చెవికి వెళ్ళే గొట్టంలోకి దూరతాయి. నీళ్ళు మెల్లగా, ధారగా పోవాలన్న పాఠం అలా వచ్చింది.

1970ల్లో యోగ గురువు స్వామి రామ స్థాపించిన హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా కొమ్ముచెంబు ‘నేతిపాత్ర’గా అమెరికాలో అడుగుపెట్టింది. 2000లో కేతన్ మెహతా అనే ఊపిరితిత్తుల వైద్యుడు కాలిఫోర్నియాలో నీల్‌మెడ్ కంపెనీ పెట్టి, చేత్తో నొక్కే సీసాను జనంలోకి తెచ్చాడు. 2007లో ఓప్రా టీవీ షోలో కనబడ్డాక నేతిపాత్ర గిరాకీ అమాంతం పెరిగింది.

ఇంతకీ పనిచేస్తుందా? 2002లో విస్కాన్సిన్‌లో తరచూ సైనస్ బాధ పడే 76 మందిపై పరీక్ష జరిగింది. ఆరు నెలలపాటు రోజూ 2 శాతం ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కున్నవారికి బాధ తగ్గింది, యాంటీబయాటిక్ వాడకమూ తగ్గింది. 2016లో బ్రిటన్‌లో 871 మందితో జరిగిన పరీక్షలో ప్రయోజనం కనబడింది గానీ కొద్దిగానే. అదే పరీక్షలో తువ్వాలు కప్పుకుని ఆవిరి పట్టినవారికి తలనొప్పి కాస్త తగ్గిందే తప్ప ముక్కు బాధ తగ్గలేదు. జలుబు అనగానే మరిగే నీళ్ళ గిన్నె ముందు కూర్చునే మనం గుర్తుపెట్టుకోవాల్సిన ఫలితమిది. కడగడం రోగాన్ని కుదిర్చే మందు కాదు, మందుకు తోడు. సైనస్ గదుల ద్వారాలు సన్నగా ఉంటాయి కాబట్టి, ఆపరేషన్ కాని ముక్కులో నీళ్ళు ఆ గదుల్లోకి పెద్దగా చేరవు కూడా.

ఇక ప్రమాదం సంగతి. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు మెదడువాపుతో చనిపోయారు. ఇలాంటి జబ్బు సోకడానికి వాళ్ళు చెరువుల్లో ఈత కొట్టలేదు, కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్నారు. వాళ్ళ ఇళ్ళ నీటిలో నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా దొరికింది. ఆ నీళ్ళు తాగితే ఏమీ కాదు. ముక్కులోకి వెళితే మాత్రం ఆ అమీబా వాసన నాడి వెంట మెదడుకు ఎగబాకుతుంది. ఇది చాలా అరుదు, కానీ సోకినవాళ్ళు బతకడం ఇంకా అరుదు. తాగడానికి బాగున్న నీళ్ళన్నీ ముక్కుకు పనికిరావని అప్పుడు లోకానికి తెలిసొచ్చింది. మన వీధుల్లో అమ్మే ఇరవై లీటర్ల క్యానుకూ, ఇంటి ఆర్వో నీటికీ ఈ మాట వర్తిస్తుంది. అవి తాగునీళ్ళే తప్ప క్రిములే లేని నీళ్ళు కావు.

జాగ్రత్త ఖరీదైనదేమీ కాదు. నీళ్ళు తెర్లుతూ కనీసం ఒక నిమిషం మరగాలి, మూత పెట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. లేదా డిస్టిల్డ్ వాటర్ కొనాలి. పావు లీటరుకు అయోడిన్ కలపని ఉప్పు రెండు గ్రాములకు కాస్త పైన చాలు. వాడిన ప్రతిసారీ చెంబును కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. చెవిలో నొప్పి ఉన్నా, ముక్కు రెండువైపులా బిగుసుకుపోయినా ఆ రోజుకు ఆపి డాక్టరును అడగాలి. చెంబు రాగిదా, పింగాణీదా, ప్లాస్టిక్‌దా అన్నది మీ ఇష్టం. నీళ్ళు మరిగించడం మాత్రం మీ ఇష్టానికి వదిలే విషయం కాదు.