బి విలువ 12 అనుకుందాం

జీఆర్‌ఈలో వచ్చే తరహా లెక్క ఒకటి చూడండి. ఎ, బి నిష్పత్తి 2:3. బి, సి నిష్పత్తి 4:5. అయితే ఎ, సిల మొత్తానికీ బి, సిల మొత్తానికీ ఉన్న నిష్పత్తి ఎంత? చాలామంది వెంటనే ఎను బిలోకి, సిని బిలోకి మార్చుకుంటూ భిన్నం మీద భిన్నం పేర్చుకుపోతారు. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్షలో గణితానికి 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాలు కూడా రావు. భిన్నాలతో కుస్తీ పట్టే తీరిక ఎక్కడిది?

బి రెండుచోట్లా ఉంది. ఒకచోట 3, ఇంకోచోట 4. వాటి క.సా.గు. 12. బి విలువ 12 అనుకుంటే ఎ 8 అవుతుంది, సి 15 అవుతుంది. పైన 23, కింద 27. జవాబు 23:27.

బి 12 అని ఎవరు చెప్పారని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఎవరూ చెప్పలేదు, అందుకే ఎంచుకునే వీలు మనకు దక్కింది. బిని 24 చేసి చూడండి: ఎ 16, సి 30, మొత్తాలు 46, 54. మళ్లీ అదే 23:27. బడిలో మాస్టారు ‘2కె, 3కె అనుకోండి’ అనేది దీనికోసమే. పైనా కిందా ఉన్న కె కొట్టుకుపోతుంది. ఎలాగూ పోయేదాన్ని చివరిదాకా మోయడం దేనికి?

దీన్ని కోచింగ్ సెంటర్ల చిట్కాగా తీసిపారేయడం నాకు నచ్చదు. దాదాపు మూడున్నర వేల ఏళ్ల నాటి ఈజిప్టు రైండ్ పపైరస్‌లో ఈ ఆలోచన ఉంది. 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో దీనికి ఇష్టకర్మ అని పేరుపెట్టి లెక్కలు చేసి చూపించాడు. అందులో ఒకటి ఇది: ఒక సంఖ్యను 5తో గుణించి, వచ్చినదాంట్లో మూడో వంతు తీసేసి, 10తో భాగించి, మొదటి సంఖ్యలో మూడో వంతు, సగం, పావు కలిపితే 68 వచ్చింది. ఆ సంఖ్య ఏది? 3 అనుకుని మొదలుపెడదాం. 15, తర్వాత 10, తర్వాత 1. దానికి ఒకటి, ఒకటిన్నర, ముప్పావు కలిపితే నాలుగుంపావు. రావాల్సిన 68 దానికి సరిగ్గా 16 రెట్లు. కాబట్టి 3ను 16 రెట్లు చేస్తే చాలు, జవాబు 48. అనుకున్న సంఖ్య తప్పే అయినా అసలు సంఖ్య దగ్గరికి దారి చూపింది. ఈ పద్ధతిలో నన్ను కట్టిపడేసేది ఇదే.

అన్ని లెక్కలూ ఇలా లొంగవు. ఒక తరగతిలో అబ్బాయిలు, అమ్మాయిలు 2:3 నిష్పత్తిలో ఉన్నారు. మరో ఐదుగురు అబ్బాయిలు చేరితే అది 3:4 అయింది. ఇక్కడ ఇద్దరు, ముగ్గురు అనుకుంటే ఏడుగురు, ముగ్గురు అవుతారు, లెక్క చెడుతుంది. ఆ ఐదుగురు ఏ రెట్టింపుకూ మారరు, ఐదుగురిగానే ఉంటారు. వాళ్లే తరగతి పరిమాణాన్ని తేల్చేశారు: 40 మంది అబ్బాయిలు, 60 మంది అమ్మాయిలు. ఇలాంటిచోట కె పెట్టి సమీకరణం రాయాల్సిందే.

జీఆర్‌ఈలో రెండు రాశుల్లో ఏది పెద్దదని అడిగే ప్రశ్నలూ ఉంటాయి. వాటిలో ‘ఇచ్చిన సమాచారంతో చెప్పలేం’ అనేదీ ఒక ఆప్షన్. అక్కడ ఒక్క సంఖ్యతో సరిపెట్టుకోకూడదు. ఎక్స్‌ను వైతో భాగిస్తే మూడింట రెండు వంతులు వస్తుందనుకోండి. 2, 3 వేసి చూసినవాళ్లు వై పెద్దదని గుర్తుపెట్టి ముందుకెళ్లిపోతారు. మైనస్ 2, మైనస్ 3 వేస్తే ఎక్స్ పెద్దది. రెండూ ధన సంఖ్యలని ప్రశ్నలో ఎక్కడా లేదు.