కంకణం విప్పాక అడుగుతారు

"రాష్ట్రపతిగారు తప్పు చేస్తే పోలీసులు పట్టుకెళ్తారా తాతయ్యా?" అంది మన చిన్నది. ఎంత మంచి ప్రశ్న! దీనికి ఓ బెల్లంముక్క ఎక్కువే ఇవ్వాలి. ఇలా దగ్గరికి జరగండర్రా, తీరిగ్గా చెప్పుకుందాం.

పెళ్లిపీటల మీదున్న పెళ్లికొడుకుని అప్పులవాడొచ్చి "నా బాకీ మాటేమిటి?" అని నిలదీస్తాడా? నిలదీయడు. అక్కడ జరిగేది ఆ ఒక్కడి పని కాదు, రెండూళ్ల జనం కూర్చుని ఉన్నారు. అలాగని బాకీ చెల్లిపోయిందా? లేదే! కంకణం విప్పాక వచ్చి వడ్డీతో సహా అడుగుతాడు. మన రాజ్యాంగం 361వ అధికరణంలో ఉన్నది దాదాపు ఇదే. రాష్ట్రపతి గానీ, గవర్నర్ గానీ పదవిలో ఉన్నంతకాలం ఏ కోర్టూ వాళ్ల మీద క్రిమినల్ కేసు మొదలుపెట్టకూడదు, ముందునుంచీ నడుస్తున్నదుంటే సాగించకూడదు, అరెస్టు వారంటు ఇవ్వకూడదు. దిగిపోయాక ఆ అడ్డు ఉండదు.

నిజంగా అలా జరిగిందా అంటారా? జరిగింది. 2017 ఏప్రిల్‌లో బాబ్రీ మసీదు కూల్చివేత కేసులో కుట్ర అభియోగాల మీద విచారణ జరపమని సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుల్లో ఒకరైన కల్యాణ్ సింగ్ అప్పుడు రాజస్థాన్ గవర్నర్. మిగతావాళ్ల మీద కేసు నడవనివ్వండి, ఆయన గవర్నర్‌గిరీ ముగిసిన వెంటనే ఆయన మీదా అభియోగాలు నమోదు చేయండి అంది కోర్టు. 2019 సెప్టెంబరులో ఆయన పదవి ముగిసింది. ఆ నెల తిరక్కుండానే లక్నో కోర్టుకి వచ్చి నిలబడ్డారు. అభియోగాలు చదివారు, బెయిలిచ్చారు. మరుసటేడు అందరితోపాటు ఆయన్నీ నిర్దోషి అన్నారనుకోండి, అది వేరే సంగతి.

ప్రధానమంత్రికీ, ముఖ్యమంత్రికీ ఈ రక్షణ లేదు సుమా. 2024 మార్చిలో ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్‌ని పదవిలో ఉండగానే ఈడీవాళ్లు అరెస్టు చేశారు.

మరి రాష్ట్రపతే రాజ్యాంగాన్ని తుంగలో తొక్కితే? అప్పుడు కోర్టు కాదు, పార్లమెంటు అడుగుతుంది. దాన్ని మహాభియోగం అంటారు. రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులమంది ఒప్పుకుంటేనే దించగలరు. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

దక్షిణ కొరియావాళ్లు ఇంకో మెలిక పెట్టుకున్నారు. అక్కడా అధ్యక్షుడికి పదవిలో ఉండగా క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఉంది, కానీ తిరుగుబాటుకీ, దేశద్రోహానికీ అది వర్తించదు. అందుకే 2024 డిసెంబరులో సైనికపాలన ప్రకటించిన యూన్ సుక్ యోల్‌ని, ఇంకా అధ్యక్షుడై ఉండగానే, 2025 జనవరిలో అరెస్టు చేసి అభియోగాలు మోపారు. ఆ మెలిక నాకు భలే నచ్చింది. దేశాన్నే కూలదోయబోయేవాడిని పదవి దిగేదాకా ఆగి అడుగుదామంటే, అప్పటికి అడగడానికి కోర్టంటూ మిగలాలి కదర్రా!

ఇక మన వి.వి.గిరిగారి ముచ్చట చెప్పకపోతే నాకు తోచదు. 1969లో ఆయన రాష్ట్రపతిగా గెలిచారు. ఓడిపోయింది మన నీలం సంజీవరెడ్డిగారు. ఇద్దరూ తెలుగువాళ్లే, చూడండి! సంజీవరెడ్డిగారిని దుమ్మెత్తిపోస్తూ ఎవరో పేరులేని కరపత్రం పంచారు. దాంతో ఈ ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ఇది క్రిమినల్ కేసు కాదు, ఎన్నిక తగాదా. రాష్ట్రపతి ఎన్నిక తగాదాలు సుప్రీంకోర్టే తేల్చాలని 71వ అధికరణం చెబుతుంది. గిరిగారు రాష్ట్రపతిగా ఉంటూనే 1970లో స్వయంగా ఆ కోర్టుకి వెళ్లి సాక్ష్యమిచ్చారు. దేశంలో అందరికన్నా పెద్ద పదవిలో ఉన్న మనిషి వకీళ్లు వేసిన ప్రశ్నలకి జవాబు చెప్పారన్నమాట! ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది. చివరికి కోర్టు పిటిషన్లు కొట్టేసింది. గిరిగారు 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు, 1977లో సంజీవరెడ్డిగారూ రాష్ట్రపతి అయ్యారు.