నిప్పు సోకని వంటిల్లు

నాగులచవితి నాడు తెలుగు ఇల్లాలు పుట్టకు కొనిపోవు నైవేద్యమును చూడుడు. తడిపిండితో చేసిన చలిమిడి, నువ్వులును బెల్లమును కలిపి దంచిన చిమ్మిలి, నానిన పెసరపప్పుతో వడపప్పు, పచ్చిపాలు. శ్రీరామనవమికి పానకము, వడపప్పు. శ్రావణమాసపు నోములలో వాయనముగా ఇచ్చునవి నానవేసిన సెనగలు. వీనికి పొయ్యితో పని లేదు. వండని తిండి మన యిండ్లకు క్రొత్త కాదు. కాని అది పండుగనాటి తిండి. మరునాడు యథాప్రకారము పొయ్యి రాజును, ఎసరు మరుగును. ఆ పొయ్యి ఒక్కనాడు గాక వారముల తరబడి ఆరియున్నచో ఇల్లెట్లు నడుచును? ఒంటికి బలమెట్లు కలుగును? ఇంటిలో ఎవరి పని తగ్గును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు గాంధీమహాత్ముడు తన శరీరమునే ప్రయోగశాలగా చేసికొనెను. ఆ ప్రయోగమునకు ప్రేరణ లభించినది మన గోదావరీతీరముననే.

1929 వేసవిలో ఆయన ఖద్దరు ప్రచారమునకై ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరము చేరెను. అచ్చట సుందరం గోపాలరావుగారు ప్రకృతి చికిత్సాలయమును నడుపుచుండిరి. తొట్టిస్నానములు మొదలగు చికిత్సలు మంచివే యైనను, రోగము సమూలముగా పోవలెనన్నచో ఆహారమునకు అగ్నిస్పర్శయే కూడదని ఆయన నమ్మకము. మొలకెత్తిన గింజలు చేర్చిన పచ్చి ఆహారముతో దీర్ఘకాలపు అజీర్ణవ్యాధులను కుదిర్చితినని ఆయన చెప్పగా మహాత్ముడు శ్రద్ధగా వినెను. పిదప స్వయముగా ఆరంభించెను.

ఇది ఆయనకు తొలి ప్రయత్నము కాదు. 1893లో, ఇరువదినాలుగేండ్లయినను నిండని న్యాయవాదిగా ప్రిటోరియాలో ఉన్నపుడే ఆయన ఇట్టి పరీక్ష నొకదానిని చేసెను. రాత్రి నానవేసిన గోధుమలు, బఠాణీలు, బియ్యము, ఎండుద్రాక్ష ఉదయమున తినుటకు ముప్పావుగంట పట్టెనని దినచర్యలో వ్రాసికొనెను. ఆ దినమున ప్రొద్దుట ఉల్లాసము, సాయంకాలమున నీరసము, కొంచెము తలనొప్పి. ఆ ప్రయోగము ఎక్కువ దినములు సాగలేదు. ఆ కోరిక మాత్రము మూడున్నర దశాబ్దములు ఆయన మనస్సున నిలిచి, రాజమహేంద్రవరమున మరల మొలకెత్తెను.

1929 నాటి ఆహారపట్టికను ఆయన జూన్ నెలలో తన 'యంగ్ ఇండియా' పత్రికలో ప్రకటించెను. దినమునకు మొలకెత్తిన గోధుమలు 8 తులములు, మెత్తగా నూరిన బాదంపప్పు 8 తులములు, దంచిన పచ్చి ఆకుకూర 8 తులములు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. వారమునకు రెండు మూడు మారులు గోధుమలకు బదులుగా మొలకెత్తిన సెనగలు. ఆ దినములలో బాదమునకు మారుగా కొబ్బరిపాలు. ఉదయము 11 గంటలకు ఒక భోజనము, సాయంకాలము 6-15కు రెండవది. నిప్పు తగులునది ఒక్క నీటికి మాత్రమే: కాచిన నీటిలో నిమ్మరసము, తేనె కలుపుకొని దినమునకు రెండు మారులు త్రాగెడివాడు. తులమనగా పదునొకటిన్నర గ్రాములకు కొంచెము పైమాట. 8 తులములు సుమారు 93 గ్రాములు. నేటి లెక్కలలో ఈ ఆహారమంతయు 1,100 కేలరీల పరిసరములలోనే ఉండును. దినమంతయు శ్రమించు మనుష్యునకు ఇది చాలదని పాఠశాల విద్యార్థియు చెప్పగలడు.

ఆయన ఇంత పట్టుదల చూపుటకు కారణములు రెండు. పాలు మానవలెనని ఆయన వ్రతము. రోగపీడితుడై 1919లో మేకపాలు స్వీకరించినది మొదలు అది ఆయన మనస్సునకు ముల్లుగా ఉండెను. పచ్చి ఆహారము పాల లోటును తీర్చినచో ఆ ముల్లు తొలగును. రెండవది స్త్రీల విషయము. పొగలో కన్నులు మండుచు, ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు పొయ్యికి కట్టుబడిన స్త్రీకి ఈ ఆహారము విముక్తి నొసగునని ఆయన ఆశించెను. కట్టెల ఖర్చును, కాలమును మిగులునని తలచెను. సహచరులును కొందరు ఆయనతోబాటు ఈ పరీక్షలో చేరిరి.

ఇక్కడ వంటయింటి లెక్కను కొంచెము తరచి చూడవలెను. పొయ్యి ఆరినంతమాత్రమున పని ఆరునా? గోధుమలలో రాళ్ళు ఏరవలెను, కడుగవలెను, రాత్రి నానవేయవలెను. నీరు వార్చి తడిగుడ్డలో మూటగట్టి, ఎండకాలమున ఆ గుడ్డ ఆరకుండ తడుపుచుండవలెను. ఒకనాటి మొలకలు సిద్ధమగుసరికి మరునాటి గింజలు నానుచుండవలెను. ఆకుకూరను ఒక్కొక్క ఆకుగా కడిగి దంచవలెను. పళ్ళు లేనివారికి అన్నియు నూరియే పెట్టవలెను. మహాత్మునకును అప్పటికి పళ్ళు కొన్నియే మిగిలియుండెను. బాదంపప్పు నానవేసి, పొట్టు తీసి, వెన్నవలె నూరుట ఎంత పనియో రుబ్బురోలు త్రిప్పిన చేతికి తెలియును. పొయ్యి వద్ద తగ్గిన శ్రమ రోటివద్దకు జరిగినది. ఆ రోటివద్ద కూర్చుండునది ఇల్లాలే యైనచో ఆమెకు కలిగిన విముక్తి ఏపాటిది? ఇక 8 తులముల బాదంపప్పు దినదినము కొనుటకు ఎన్ని సంసారములకు శక్తి యున్నది?

ప్రకృతి ధర్మములను బట్టి చూచినను రెండు పక్షముల నిజము కలదు. గింజ మొలకెత్తునపుడు లోపలి పిండిపదార్థము కొంత చక్కెరగా మారును. ఎండుగింజలో లేని విటమిన్ సి పుట్టును. మొలకెత్తిన పప్పుగింజలు స్కర్వీ వ్యాధిని వారించునని హారియెట్ చిక్, మేరియన్ డెల్ఫ్ అను శాస్త్రజ్ఞురాండ్రు 1919లో ప్రకటించిరి. విటమిన్ సి వేడికి నశించును గనుక ఆకుకూర కొంత పచ్చిగా తినుట మేలే. కాని పచ్చి పిండిపదార్థము వండినదానివలె సులభముగా అరుగదు. పచ్చి పప్పుగింజలలో జీర్ణక్రియను అడ్డగించు పదార్థములు కొన్ని కలవు. అవి ఉడికించినగాని పూర్తిగా అణగవు. కారట్ వంటి కూరలలోని కెరొటీన్ ఉడికించినపుడే ఎక్కువగా ఒంట బట్టును. మొలకలకు కావలసిన తేమయు వెచ్చదనమును సూక్ష్మజీవులకును ప్రీతికరములే. వానిని చంపునది నిప్పు. పాలును మానినచో విటమిన్ బి12 దొరకు దారి మూసికొనిపోవును. దీర్ఘకాలము పచ్చి ఆహారముపై జీవించువారిని గూర్చి జర్మనీ శాస్త్రజ్ఞులు 1999లో ప్రకటించిన పరిశీలనలో, 45 ఏండ్లలోపు స్త్రీలలో సుమారు నూటికి 30 మందికి ఋతుక్రమము తప్పుటయో నిలిచిపోవుటయో జరిగినదని తేలినది. ఎవరి విముక్తికై ఈ ఆహారము ఉద్దేశింపబడెనో ఆ స్త్రీల శరీరమే ముందుగా మూల్యము చెల్లించినదన్నమాట.

1929 ఆగస్టులో మహాత్ముడు రక్తగ్రహణి పాలై మిక్కిలి నీరసించెను. ప్రయోగము ఆగినది. మేకపాలు మరల ఆయన ఆహారములో చేరినవి. ఆయన దీనిని దాచలేదు. ఏ పత్రికలో ఆశతో పట్టికను ప్రకటించెనో ఆ పత్రికలోనే తన వైఫల్యమును పాఠకులకు తెలియజేసెను. లక్షలమంది తన మాటను శిరసావహించు కాలమున, నేను చెప్పినది నా యందే నెరవేరలేదని చెప్పుటకు ఎంత నిబ్బరము కావలెనో ఉపాధ్యాయులు ఎరుగుదురు. నల్లబల్లపై తాను వ్రాసిన తప్పును విద్యార్థుల యెదుట తానే తుడిచివేయుట వారికిని అనుభవములోని కష్టమే.

పదుమూడేండ్లు గడచినవి. 1942లో పూనాలోని ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నుండి ఆయన ఆరోగ్యమును గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అందు దినమునకు సూచించిన పట్టికలో ఆవుపాలు 2 పౌనులు, ధాన్యము 6 ఔన్సులు, ఆకుకూరలు 3 ఔన్సులు, ఇతర కూరలు 5 ఔన్సులు. పచ్చికూర 1 ఔన్సు. ఒకప్పుడు విస్తరినంతయు ఆక్రమించిన పచ్చి ఆహారము చివరకు ఒక ఔన్సుగా నిలిచినది. కాని ఆ ఔన్సు ఊహచే వచ్చినది కాదు. ఆకలితోను, వ్యాధితోను తూచి తేల్చిన తూకమది.

మన పెద్దలు వడపప్పును వేసవి పండుగకు, సెనగలను శ్రావణపు నోములకు నియమించి, మిగిలిన దినములలో పొయ్యిని వెలిగించుచునే వచ్చిరి. నేటి ఇల్లాలు అన్నము ప్రక్కన గుప్పెడు మొలకలు, ఒక నిమ్మచెక్క, నాలుగు దోసకాయ ముక్కలు ఉంచినచో చాలును. ఆ మొలకలు కట్టు మూటను రాత్రి తడుపు పని ఇంటిలోని మగవారును, పిల్లలును పంచుకొన్ననాడు, మహాత్ముడు పొయ్యి నార్పి సాధింపగోరిన దానిలో కొంత, పొయ్యి వెలుగుచుండగనే ఆ యింట సిద్ధించును.