ఎండిన నోరు

మన ఉత్తరకోస్తా పల్లెలలో స్త్రీలు వెలిగిన కొన నోటిలోనుంచి చుట్ట త్రాగుట, అనగా అడ్డపొగ, మీరెఱిగినదే. దానిచే మా మేనత్తకు అంగిట క్యాన్సరు పుట్టెను. కిరణచికిత్సతో పుండు మానెను గాని నోరెండిపోయెను. ఉక్కునగరమున మా యింట నామె ముద్ద మ్రింగలేక కన్నీరు పెట్టుకొనగా, ముసలితనపు చాదస్తమని నేను విసుగుకొంటిని. అది నా తప్పు.

చెవుల ముందరను, దవడక్రిందను లాలాగ్రంథులు కలవు. కిరణములు వానినిగూడ దెబ్బతీయును. లాలాజలము తగ్గినచో ముద్ద దిగదు, మాట తిరుగదు, పండ్లు త్వరగా పుచ్చును. కొందఱికి కొన్ని నెలలకు కొంత మరల నూరును, కొందఱికి ఊరదు.

కావున తఱచుగా గుక్కెడు నీరు త్రాగవలెను. అన్నమును మజ్జిగతో మెత్తగా కలుపవలెను. కారము, పొగాకు, సారా మానవలెను. లీటరు నీటిలో చిన్న చెంచాడు ఉప్పు, అంతే వంటసోడా కలిపి పుక్కిలించి ఉమియవలెను. ఫ్లోరైడుగల పేస్టుతో పండ్లు తోమవలెను.

ముఖ్యముగా, కిరణములు సోకిన దవడయెముక సులభముగా మానదు. పన్ను తీయించుకొనుటకు ముందే చికిత్స సంగతి దంతవైద్యునికి చెప్పి, చికిత్స చేసిన వైద్యుల నడుగవలెను. ఇచ్చటివారికి అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు.

ఇప్పుడు మా అత్త ప్రక్కన నీళ్లచెంబు ఎల్లప్పుడు నుండును. ఆమె మరల మాతో కూర్చుండి భోజనము చేయుచున్నది.