వ్యవహారపు విందునకు తగిన చోటు

ఖమ్మము మార్కెటునకు మిర్చి కొనవచ్చిన ఇద్దరు పెద్దమనుష్యులను మేము ఒకమారు భోజనమునకు పిలిచితిమి. ఊరిలో గొప్పదని పేరుపడిన హోటలునకే తీసికొనిపోయితిమి. అద్దాల గోడలు, మెరయుచున్న నేల, పైన వ్రేలాడు దీపములు, అన్నియు ఉండెను. ప్రక్క హాలులో ఎవరిదో పెండ్లివిందు జరుగుచుండెను. మేము చెప్పిన ధర వారికి సరిగా వినబడలేదు. వారు చెప్పినది మాకు సగము వినబడినది. ఆ సగముతోనే తల యూపితిమి. లారీ కిరాయి మాపై అని వారు, వారిపై అని మేము అనుకొంటిమి. ఆనాటి కూరల రుచి ఎవరికిని జ్ఞాపకము లేదు. లారీ కిరాయి మాత్రము మాకు నేటికిని జ్ఞాపకమున్నది.

నాటినుండి ఇటువంటి చోటును ఎంచుకొనునపుడు నాలుకకంటె ముందు చెవిని అడుగుచున్నాము. చుట్టును చప్పుడు పెరిగినకొలది మనిషి తనకు తెలియకుండగనే గొంతు పెంచునని ఫ్రెంచి వైద్యుడు ఎత్యేన్ లొంబార్డ్ 1911లో వెల్లడించెను. భోజనశాలలో జరుగునది అదియే. ఒక మేజావారు కొంచెము గట్టిగా మాటలాడిన, ప్రక్కవారు ఇంకొంచెము గట్టిగా మాటలాడుదురు. వారిని చూచి మొదటివారు మరల గొంతు పెంచుదురు. అద్దము, చలువరాయి, నున్నని గోడ ఆ ధ్వనినంతయు తిరుగగొట్టును. దళసరి తెరలు, మెత్తని కుర్చీలు, నేలపై పరచిన తివాచీ దానిని మ్రింగివేయును. కనుక ముందునాడు ఖాళీవేళ అచ్చటికి పోయి, నడుమ నిలుచుండి, ఒక్క చప్పట కొట్టి చూడవలెను. అది మ్రోగుచు నిలిచినచో ఆ గది మనకు పనికిరాదు. సర్వరు వింతగా చూచును, చూడనిండు. పిమ్మట, మరునాడు విందు జరుగవలసిన వేళకే ఒక కాఫీ త్రాగుచు కూర్చుండవలెను. ప్రక్క మేజావారి మాట మనకు తెలియుచున్నచో మన మాటయు వారికి తెలియుచున్నట్లే. ఖమ్మము పెద్ద ఊరే గాని మిర్చి వ్యాపారము చేయువారి లోకము చిన్నది. ప్రక్క మేజాపై పప్పు కలుపుకొనుచున్న ఆయన కూడ కమీషను వ్యాపారియే కావచ్చును.

రుచిమాటకు వచ్చినచో మన మెస్సులను మించినవి లేవు. వేడి అన్నము, గోంగూర, ముద్దపప్పు, నెయ్యి, అడుగకముందే వడ్డించు చేయి! కాని అచ్చట మన కుర్చీ వెనుక మరొకరు నిలుచుండి మన పెరుగన్నము ఎప్పుడు ముగియునా యని చూచుచుందురు. వ్యవహారము మాటలాడుటకు అది చోటు కాదు. ఎవరి మేజా వారిది, ధరలతో జాబితా, కోరిన వంటకము కోరినపుడు అను పద్ధతి పదునెనిమిదవ శతాబ్దపు చివరిభాగమున పారిస్ నగరమున వ్యాపించినది. అంతకుముందు అచ్చటి సత్రములలోను ఒకే బల్ల, ఒకే వేళ, వండినదే పెట్టుట. విడి మేజా వలన కలిగిన లాభము రుచి కాదు, మాట దాచుకొను వీలు. ఆరేడు మేజాలకు మించని చిన్న రెస్టారెంటును మేము కోరునది అందుకే.

ఇక వంటకములు. ఖమ్మము మార్కెటునకు వచ్చు మిర్చిలో తేజ రకము ముఖ్యమైనది. దాని కారము దూరదేశములకు పోవుచున్నది. కాని మిర్చి కొనవచ్చినవాడు మిర్చి తినగలవాడు కానక్కరలేదు. చెమటలు క్రక్కుచు, నీళ్లు త్రాగుచు ఉన్న అతిథి ధరమాట వినలేడు. కారము తగ్గించి వండుదురా, ఉల్లి వెల్లుల్లి లేక వండుదురా యని వంటవానినే అడుగుట మేలు. కొర్రమీను పులుసు గొప్పదే, అది తెలంగాణ రాష్ట్రపు చేప కూడ. కాని ముల్లు తీసికొనుచు లెక్కలు చెప్పుట కష్టము. చేతులు అంటుకొను వంటకములు బేరము ముగిసిన పిదప మంచివి. జనవరి నుండి వేసవివరకు మిర్చి వచ్చు కాలమున హోటళ్లు నిండి యుండును గనుక పండ్రెండున్నరకే కూర్చుండుట మా అలవాటు.

భద్రాచలము వైపు పోయినచో లెక్క మారును. కొత్తగూడెములో బొగ్గుగనుల సంస్థ, పాల్వంచలో విద్యుత్కేంద్రము, గోదావరికి ఈవలియొడ్డున సారపాకలో కాగితపు మిల్లు ఉన్నవి గనుక వ్యవహారములకు కొదువ లేదు. 1965లో ప్రారంభమైన వంతెన దాటినచో క్షేత్రము. వచ్చిన అతిథి మ్రొక్కు తీర్చుకొనువాడో, ఆ పూట ఉపవాసమున్నవాడో ముందుగా కనుగొనవలెను. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి అచ్చట వ్యవహారము పెట్టుకొనుట అవివేకము, కుర్చీయే దొరకదు. వానకాలమున మరియొక చిక్కు కలదు. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరగా మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో నీటిమట్టము 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటగా వంతెనపై రాకపోకలు ఆపివేసిరి. కావున జూలై, ఆగస్టులలో అతిథి ఏ యొడ్డున ఉండునో ఆ యొడ్డుననే భోజనము కుదుర్చుట మంచిది.

ఇంతవరకును ఇద్దరును సమానులైన వ్యవహారము చెప్పితిమి. భద్రాచలము ఆవలను, చుట్టును ఉన్నది ఏజెన్సీ. అచ్చట మేజాకు ఎదుట కూర్చుండువాడు కోయ రైతు కావచ్చును, తేనె, చింతపండు సేకరించు స్త్రీల సంఘమువారు కావచ్చును. చల్లని గదిలో, ఆంగ్లమున అచ్చైన జాబితా ముందు, ధర చూచి బెదరి ఏమియు కోరక కూర్చుండిన మనిషి, మనము చెప్పిన ధరకు కాదనగలడా? అతనికి అది విందు కాదు, మొగమాటము. గోదావరి కొండలలోని కొండరెడ్లను గూర్చి హైమన్‌డార్ఫ్ వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. కలప వ్యాపారుల అప్పులలో చిక్కి వారు ఏ విధముగ వెట్టివారైరో అందు కలదు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినదియు దళారుల చేతినుండి అటవీఫలసాయమును తప్పించుటకే. ఈ వెనుకటి కథ తెలిసినవారు ఏజెన్సీలో ఎవరికైనను అన్నము పెట్టి వెంటనే కాగితము చాపరు.

భూమి మాట అయినచో విందే వ్యర్థము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేసిరి. 1970 సవరణ దానిని మరింత బిగించినది. ఆ ప్రాంతమున గిరిజనేతరునకు భూమి అమ్ముట చెల్లదు. అమ్మువాడు గిరిజనేతరుడైనను చెల్లదు. గనులకై ప్రైవేటువారికి కౌలునకిచ్చుటయు చెల్లదని 1997లో సమతా కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఎంత మంచి రెస్టారెంటులో ఎంత మంచి భోజనము పెట్టినను చెల్లని దస్తావేజు చెల్లదు.

అట్టి అతిథులతో మాటలాడవలసివచ్చినపుడు మేము వారి ఊరి సంతకే పోవుదుము. సంతదినమున కాక, మరునాడు, చప్పుడు లేనపుడు పోవుదుము. పాకహోటలులో రెండు బల్లలుండును. అంతకంటె ఏకాంతము ఏ పట్టణమునను దొరకదు. వారికి తెలిసిన చోటు, వారికి తెలిసిన ధర, ప్రక్కన వారి పెద్ద ఒకరు. జీలుగుకల్లు తెచ్చి పోసినచో మర్యాదకు పుచ్చుకొందుము. కాని ఆ పూట ధర మాట ఎత్తము.

బిల్లు సంగతి ఒకటి మిగిలినది. పట్టణములోనైనను పల్లెలోనైనను భోజనమునకు ముందే వెళ్లి చెల్లించి రావలెను. అతిథి ఎదుట బిల్లు చేతులు మారినచో ఆయన తనకైన ఖర్చును చూచును, చూచిన పిదప ఋణపడితినని అనుకొనును. కాగితములపై చేవ్రాలు మరునాటి ఉదయమున, వారి ఇంటనో మార్కెటు కార్యాలయముననో. ఆ మిర్చి పెద్దమనుష్యులు మరుసటియేడు వచ్చినపుడు మేము ఆరు మేజాల చిన్న గదిలో మూలన కూర్చుంటిమి. వారు కోరినది పెరుగన్నము, మామిడికాయ పప్పు మాత్రమే. లారీ కిరాయి ఎవరిదో ఈసారి రెండుమారులు చెప్పించుకొంటిమి.